మూడు సున్నలు

గోవిందరాజస్వామి సత్రాల వెనక సందులో
ఇత్తడి చెంబుల అంగడి మూసేసినాక
అదే గదిలో, అదే చింతపండు వాసనలో
మద్రాసు నించి లారీలో నాలుగు పెట్టెలు దిగినాయి.
దొరసామన్న వాటికి కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినాడు.
నీళ్ళు లోపలికి పోతాయని మెకానిక్కు అరిచినాడు.

నాకు పన్నెండేళ్ళు. బిళ్ళలిచ్చే ఉద్యోగం.
రూపాయికి రెండు.
చిల్లర లేకుంటే పిప్పరమెంటు.

కొండ దిగొచ్చినోళ్ళు
కాట్పాడి ప్యాసింజరుకి ఇంకా రెండు గంటలుండాదని
లోపలికి తొంగిచూసేవాళ్ళు.
గుండ్ల మీద చందనం ఆరకముందే
పచ్చ వెలుగు పడేది.
లడ్ల సంచి కాళ్ళ మధ్య ఇరికించుకొని
ఆకాశం నించి వరసలు వరసలుగా దిగే పురుగుల్ని
కాలుస్తానే ఉండేవాళ్ళు.
ఎంత కాల్చినా వెనక ఇంకో వరస.
"ఇదీ క్యూలైనే" అన్నాడొక ముసలాయన,
చచ్చిపోయి, నవ్వి, ఇంకో బిళ్ళ అడిగి.

దేశమ్మ కొర్లగుంట నించి వచ్చేది
రాత్రి తొమ్మిదింటికి, చీపురుతో.
రైలు కూతకి మధ్యలో వదిలేసి పరిగెత్తినోళ్ళ ఆటలు
ఆమెవి.
ఒక్కోసారి రెండు ప్రాణాలు మిగిలి ఉండేవి,
శానాసార్లు ఒకటే.
చీపురు చంకలో పెట్టుకొనే ఆడేది.
పసుప్పచ్చ నోరొకటి చుక్కలు తింటా పోయే పెట్టె
ఆమెకి ఇష్టం.
తరుముకొచ్చే నాలుగు దయ్యాలకీ పేర్లు పెట్టింది:
అప్పులోడు, అత్త, మేస్త్రీ.
నాలుగోదాని పేరు నాకు చెప్పలేదు.

"దినామూ తెల్లారి చేసే పనే కదరా" అనేది.
"చుక్కలు పెట్టి గీతలు గీస్తాము మేము.
ఈడ గీతలు ముందే గీసేసి
చుక్కలు తినమంటా ఉండారు."

ఆ ఎండాకాలం ఒక రాత్రి
ఎవరో వదిలిన ఒక్క ప్రాణంతో
పదకొండు దాకా ఆడింది.
దొరసామన్న గల్లాపెట్టె తాళం చేతిలో పట్టుకొని
అట్లే నిలబడిపోయినాడు.
ఆట ముగిసి, పెట్టె పేరడిగింది.
మూడక్షరాలు, ఇంగ్లీషులో.
నేను చెప్తాలే అక్కా అన్నాను.
వద్దని, కడ్డీ తిప్పుకుంటా
అన్నిట్నీ చూసింది, గాజులంగట్లో చూసినట్టు.
గుండ్రంది ఒకటి వచ్చింది.
అదే పెట్టింది. మల్లా అదే. మల్లా అదే.
"మూడు సున్నలేందక్కా?"
"సున్నలు కాదురా. దోశలు. ముగ్గురికీ తలా ఒకటి."

తెల్లారి పదిన్నరకి కరెంటు పోయింది.
వచ్చేసరికి పట్టికలో
కంపెనీవాళ్ళ పేర్లే, మొదట్నించి.
రాత్రి ఆమె వచ్చి చూసింది. ఏమీ అనలేదు.
ఆ మూల మాత్రం రెండుసార్లు ఊడ్చింది.

తర్వాత ఇండ్లల్లోకి చిన్న పెట్టెలొచ్చినాయి,
టీవీకి తగిలించేవి,
క్యాసెట్టులోకి ఉఫ్ అని ఊది దోపితే ఆడేవి.
మావి ఎటుపోయినవి అటు పోయినాయి.
ఒకటి మాత్రం తిలక్ రోడ్డు టిఫిన్ సెంటర్లో
అరిటాకులు పెట్టుకొనే బీరువా అయింది,
ఇరవై ఏండ్లు.
పాత సామాన్లోడికి వేస్తా ఉంటే
దాని గాజు నేను తెచ్చుకున్నాను.
టీవీలు బాగుచేసేవాడికి గాజు బరువు తెలుసు.

తీగ లేదు, కరెంటు లేదు.
ఎండకి వంచి చూస్తే
ఆ గోడలు కనబడతాయి,
లోపల కాలిపోయి, కాఫీ మరక రంగులో.
చుక్కల్లేవు. దయ్యాల్లేవు. లెక్క లేదు.
కదలకుండా నిలబడినవే అచ్చుపడినాయి.
తిరిగినవన్నీ పోయినాయి.

"ఏ ఊరి సందులన్నా ఇవి?" అన్నాడు
నా దగ్గర పని నేర్చుకునే గుణశేఖరం.
కింద కుడిపక్క మలుపులో వేలు పెట్టినాను.
ఈడ ఆమె ఒక్క రెప్పపాటు ఆగేది,
దారి ఖాళీగా ఉన్నా సరే.
నాలుగోది దగ్గరికొచ్చేదాకా ఆగి
అప్పుడు తిరిగేది.