పెన్సిల్ గడి

రాత్రి డ్యూటీ దిగి రోడ్డు మీదికొస్తే
కొండ దిగొచ్చిన బస్సు నిండా గుండ్లు.
గంధం ఇంకా ఆరలేదు.
మా వార్డులోనూ గుండ్లే.
ఈ ఊళ్లో అదొక్క మేలు:
మందులకు జుట్టు రాలినోళ్లను
తిరపతి వీధుల్లో ఎవురూ తిరిగి చూడరు,
మొక్కు తీరిందనుకుంటారు.

పదకొండేళ్లుగా అడుగుతా ఉన్నా
"నొప్పి పదికి ఎంత పెద్దాయనా?"
ఒకరు ఎనిమిదంటారు, ఒకరు వేళ్లు చూపిస్తారు.
నగరి మగ్గాల చెంగల్రాయుడు మాత్రం
"మీటర్లలో చెప్పాల్నా, గజాల్లోనా?" అనేవాడు.

ఆయన్ను ఆ మంగళవారం తెల్లారుజామున
నేనూ దిల్షాదూ కలిసి తుడిచినాం.
చెవుల వెనకాల, మెడ మడతల్లో.
గోళ్ల సందుల్లో మగ్గం నూనె నలుపు,
నలభై ఏళ్లది, పోలేదు.
అట్లే వదిలేసినాం.
కూతురికి సంచీ అప్పగించి సంతకం పెట్టించుకుని
ఏడో మంచానికి దుప్పటి మార్చేలోగా
కింద నుంచి ఫోను:
"ఖాళీ అయిందా సిస్టర్? ఇంకొకరుండారు."

దిల్షాద్‌ది పీలేరు. చేరి నాలుగో నెల.
దుప్పట్ల గదిలో కనిపించింది,
గోడ వైపు తిరిగి దిండు గలీబులు లెక్కబెడుతూ.
ముప్పైరెండు దగ్గర తప్పిపోయి
మళ్లీ ఒకటి నుంచి.
నాకు తెలుసు ఆ లెక్క.
మొదటేడు నేను సీసాల మూతలు లెక్కబెట్టేదాన్ని.
"అలవాటైపోతుందిలే" అన్నారు అందరూ.
అయింది, నిజమే.
ఇంట్లో మా ఆయనకు జొరమొస్తే
ముందు నుదురు ముట్టను, నాడి పడతా.

ఆఫీసోళ్లు ఒకసారి మీటింగు పెట్టినారు.
తెర మీద సూర్యోదయం బొమ్మ.
"లోతుగా ఊపిరి తీసుకోండి."
తీసుకున్నాం.
బయటికొస్తే నలుగురి పనికి ఇద్దరమే ఉన్నాం.
సమోసాలు మాత్రం బాగున్నాయి.

ఇన్‌ఛార్జి రూతమ్మక్కకు మాటలు తక్కువ.
ఆ పొద్దు హ్యాండోవర్ పుస్తకం తెరిచి
మంచం నంబరు, పేరు, మందు, మూత్రం
గడులన్నీ దాటి, అంచున
స్కేలు పెట్టి ఒక గీత గీసింది. పెన్సిల్‌తో,
తనిఖీ రోజు చెరిపేయొచ్చని.
పైన "మనం" అని రాసింది.
కింద:
"దిల్షాద్ రాత్రి నుంచి ఏమీ తినలేదు.
క్యాంటీన్‌కు పంపాలి. ఒంటరిగా కాదు.
ఏడో మంచం ఒక గంట ఆగుతుంది. కిందికి నేను చెప్తా."

ఆ గంటలో అక్క ఎన్ని మాటలు పడిందో మాకు తెలీదు.
మేం ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ తిన్నాం.
దిల్షాద్ ఏడ్వలేదు.
రెండో ఇడ్లీ దగ్గర
"అక్కా, ఆయన గోళ్లలో ఆ నలుపు..." అని ఆగింది.
"ఊఁ" అన్నా.
అంతే మాట్లాడుకున్నాం.

ఇప్పుడా గడిలో రోజూ ఏదో ఒకటి ఉంటాది.
"గంగులమ్మకు మోకాలు వాపు, స్ట్రెచర్ తోయనీయొద్దు."
"మునికుమారి కొడుకు పరీక్ష. ఆరుకే పంపండి."
"ఢిల్లీబాబు వారం నుంచి జోకులు వేయలేదు. కనుక్కోండి."
ఒకరోజు డాక్టరు చేతిరాత, గొలుసుకట్టు:
"నేను కూడా."
ఇంకేమీ లేదు. ఆ సాయంత్రం ఎవరో
ఆయన టేబుల్ మీద టీ పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చినారు.

తనిఖీ వచ్చింది. చెరిపినాం.
లైటుకు ఎదురుగా పట్టుకుంటే
ఒత్తి రాసిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి.

నిన్న రాత్రి చార్జి తీసుకుంటా చూస్తే
అంచున నా పేరు. గుండ్రటి కొత్త చేతిరాత:
"అక్క మూతలు లెక్కబెడుతోంది. నేను చూసినా.
పదికి ఎంతో అడగండి."

వార్డు నిద్రపోయింది, పోయినంత మటుకు.
పెన్సిల్ చేతిలోకి తీసుకున్నా.
మీటర్లలో చెప్పాల్నా, గజాల్లోనా?
చానాసేపటికి
ఆరు అని రాసినా.
తర్వాత చెరిపి,
ఏడు.