కుడి చెయ్యి

గిరింపేటలో నా అంగడికి బోర్డు లేదు.
పగిలిన హెడ్‌లైట్ రింగులు మూడు
మేకుకు వేలాడతా ఉంటాయి, అదే గుర్తు.
ప్యారేజాన్ మేస్త్రి చేతికింద
పన్నెండేళ్ళకే వైర్లు చుట్టడం నేర్చినోణ్ణి.
"ముందు మొహం చూడరా" అనేవాడాయన.
"ఇంజను జబ్బు చెవికి తెలుస్తుంది,
దీపం జబ్బు కంటికి."

అప్పట్లో ఒక్కో బండిది ఒక్కో చూపు.
తొలి అంబాసిడర్‌కు దీపాలమీద రేకు చూరు,
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని
ఎవరో మనల్నే పోల్చుకుంటున్నట్టు.
ఫియట్ వెనక రెక్కల కొసల్లో
రెండు పండుమిరపకాయలు.
కాంటెస్సా నాలుగు కళ్ళతో వచ్చేది,
అద్దాలు పెట్టుకున్న తాసిల్దారు మాదిరి.
మొగిలి ఘాటులో రాత్రిపూట
మలుపు అవతల వెలుతురు బండరాయిమీద పడగానే
వచ్చేది ఎవరి బండో చెప్పేసేవాళ్ళం.
ఒంటిదీపం లారీని మోటారుసైకిలనుకుని
తప్పుకోనివాళ్ళ పేర్లు కూడా
చెప్పగలం.

వెలుతురు దించాలంటే
క్లచ్చి పక్కన నేలమీద బొత్తాం,
ఎడమకాలితో తొక్కాల.
ఎదుటి బండికి తల వంచడం
కాలితో చేసే మర్యాద.

ఇప్పటి బండ్లకు కళ్ళు లేవు, గీతలు.
తిరుపతి పోయే కొత్త కార్లన్నీ
కనుబొమలు ఎగరేసుకుంటా పోతాయి.
ఒక దీపం పోతే మొత్తం మొహమే మార్చాలంట.
తిట్టను లే.
నా మనవడిదీ అట్లాంటిదే,
దాంట్లోనే రాత్రిళ్ళు కాణిపాకం పోయొస్తాం,
రోడ్డు పట్టపగల్లా ఉంటుంది.

పోయిన ఆషాఢంలో వళ్ళియమ్మ వచ్చింది,
ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన ల్యాండ్‌మాస్టర్‌తో.
చెంగల్రాయులు బండి. నాకన్నా పెద్దది వయసులో.
బెంగుళూరాయన ఎవరో కొంటానన్నాడంట,
"చేతులు లేస్తేనే ఆ రేటు" అన్నాడంట.

చేతులంటే ఈ కాలం పిల్లోళ్ళకు తెలీదు.
రెండు తలుపుల నడిమి కంబంలో సన్నగాడి.
స్విచ్చి తిప్పితే లోపల్నించి
జానెడు చెయ్యి టక్కున లేస్తుంది,
దాంట్లో నారింజతొన లాంటి దీపం.
బడిలో జవాబు తెలిసిన పిల్లోడి మాదిరి
మలుపు తిరిగేదాకా చాపుకొనే ఉంటుంది.
తర్వాత పోయి పడుకుంటుంది.

ఎడమది విప్పినాను.
తొన రంగు పోయి పాలిపోయింది,
సీల అరిగి ఊగులాడతా ఉంది.
కాయిలు రెండుసార్లు చుట్టింది మా మేస్త్రే,
ఆయన ముడి నాకు తెలుసు.

కుడిది విప్పితే అరుగుదలే లేదు.
కంపెనీ పూసిన గ్రీజు
ముదురు పాకమై బిగుసుకోనుంది.
తొన నిన్న వలిచినట్టుంది.
ఇన్నేళ్ళలో ఈ మనిషి
కుడికి తిరగనే లేదా?

అడిగితే వళ్ళియమ్మ స్టూలుమీద సర్దుకుని కూర్చుంది.
"కుడిపక్క తానుండె గదప్పా.
కిటికీలోంచి తన చెయ్యే పెడతా ఉండె.
రేకు చెయ్యిని నమ్మే రకమా ఆయన?"
ట్రాక్టరోడు తొందరపెడతా ఉన్నాడు.
ఆమె వినిపించుకోలేదు.
"మోచేతి దాకా మాడిపోయుండె ఆ చెయ్యి,
ఎడమది ఎర్రగా, పెండ్లిలో మాదిరే.
నీళ్ళు పోసేటప్పుడు
ఇద్దరు మొగుళ్ళున్నట్టుండె నాకు"
అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని
పకపకా నవ్వింది.

కిరసనాయిలుతో గ్రీజు కడిగి
బ్యాటరీ తగిలించి తిప్పినాను.
సగం దాకా వచ్చి ఆగింది,
కొత్తచోట అడుగుపెట్టిన మనిషి మాదిరి.
వేలితో తట్టినాను. లేచింది.
వీధి పక్కకు చాపి, వెలుగుతా,
ఎవ్వరూ తిరగని మలుపు చూపిస్తా.

ఆమె లేచి దగ్గరికొచ్చి
కొంగుతో దాని దుమ్ము తుడిచింది,
మణికట్టు నుంచి మోచేతికి
తుడిచినట్టు తుడిచింది.
"ఇంక లోపలికి దించెయ్యప్పా" అనింది,
"ఎండగా ఉంది."