అద్దెకిచ్చే ముందు

రోజుకి ఆరొందలు. పెట్రోలు నీదే.
పుస్తకంలో సంతకం తర్వాత పెడుదువుగానీ
ముందు ఇట్టా వచ్చి గొంతుక్కూర్చో మాలకొండయ్యా.
నిలబడి చూసేవాళ్ళకి వీడరు ఏమీ చెప్పదు.

ఇది మా గ్రూపు పదిమందిదీ.
బ్యాంకుకి ఇంకా ఏడు కంతులున్నయ్,
అందుకే నా నోరు ఇంత.

పొద్దున్నే పోయి తాడు లాగబాక.
సమంగా ఉన్న నేల మీద పెట్టి
ఆయిలు పుల్ల తీసి తుడువు, ముంచు, మళ్ళీ తియ్యి.
రెండు గీతల మధ్య తేనె రంగులో ఉంటే సరే,
కొండపి రేగడంత నల్లగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి.
ఏ టైమైనా.

గాలి ఫిల్టరు విప్పి అరచేత్తో తట్టు.
మొన్న నీ తమ్ముడు తట్టకుండా తోలి
నల్లపొగ కక్కించి, ఇంజను పోయిందన్నాడు.
పోలా. ఊపిరాడలా, అంతే.

వేడి మీద పెట్రోలు పొయ్యబాక.
గట్టు మీద కూర్చుని నువ్వు బువ్వ తిను,
దాన్ని చల్లారనీ.

ఇదిగో, ఈ చిన్న స్క్రూ దగ్గర తొందరొద్దు.
ఖాజావలి దీన్ని చెవితో తిప్పుతాడు.
టంగుటూరు రైలుగేటు పక్కన షెడ్డు, లారీల మోత,
ఆ మోతలోనే తల వంచి
పావు తిప్పి, ఆగి, విని,
"ఇంకా దగ్గుతాంది" అని మళ్ళీ పావు.
మూడు నెలలు పోయి ఆ షెడ్డులో కూర్చున్నా.
నాలుగో నెల్లో నాకూ వినపడింది
దగ్గు తెగి నవ్వు మొదలయ్యే చోటు.
నువ్వు మాత్రం పావు కంటే తిప్పబాక.

ఇప్పుడు బ్లేళ్ళు.
తుంగ చుట్టుకుంటది, గరిక చుట్టుకుంటది,
డ్రిప్పు పైపు ముక్క, ఎవరిదో చీరంచు,
పొగాకు అల్లిన పురికొస, అన్నీ చుట్టుకుంటయ్.
చెయ్యి దానంతటది ముందుకి పోతది.
కలుపు పీకే చెయ్యి, బర్రె కింద పేడ ఎత్తే చెయ్యి,
దానికి భయమేం తెలుసు,
నువ్వే పట్టుకోవాల.

స్విచ్చాపు. ప్లగ్గు టోపీ పీకి పక్కకి వంచు.
ఆపినాక గూడా నమ్మబాక.
చుట్టుకున్న కొసలో బిగువు నిద్రపోతా ఉంటది;
కోసీ కొయ్యంగానే అరచుట్టు తిరుగుద్ది,
ఇంజను లేకుండా, సద్దు లేకుండా.
సుబ్బరత్తమ్మ బొటనేలి గోరు అట్టా పోయింది.
గోరు గాబట్టి మళ్ళీ వచ్చింది, వంకరగా.
ఈ చింతకర్ర అందుకే బండికి కట్టి పెట్టా.
కర్ర విరిగితే ఇంకోటి నరుక్కుందాం.

ఆఖరిది. ఇటు చూడు,
బ్లేడునీ ఇరుసునీ కలిపే ఈ సన్న బోల్టు.
ఇది తెగడానికే ఉంది.
రాయి తగిలితే ముందు ఇది తెగుద్ది,
లోపల గేర్లు బతుకుతయ్.
పోయినేడు ఒక తెలివైనాయన
మాటిమాటికీ తెగుతుందని విసుక్కుని
లారీ బోల్టు బిగించాడు. గట్టిది.
అది తెగలా.
గేరుబాక్సు పగిలింది.
పన్నెండు వేలు, పన్నెండు రోజులు,
ఈలోగా చేలో తుంగ మోకాలెత్తు.

అప్పట్నుంచీ ఎవరన్నా
ఫలానా మనిషి ఎంతకీ వంగడని మెచ్చుకుంటుంటే
నాకు లోపల యాడో
పళ్ళు రాలిన చప్పుడు వినపడద్ది.

డబ్బాలో ఆరు బోల్టులున్నయ్, లెక్కపెట్టుకో.
తెగినవి పారేయబాక, తీసుకురా.
నీ చేలో రాళ్ళెన్నో నాకు తెలవాల.

సరే, సంతకం పెట్టు.
చొక్కా చేతులు పైకి మడువు.
ఆ మెళ్ళో తువ్వాల మాత్రం
ఈ కొక్కేనికి తగిలించిపో,
సాయంత్రం బండి తెచ్చినప్పుడు తీసుకుపోదువు.