రెండో కమ్మ

నా గురువుకి పందొమ్మిదేళ్ళు.
పేరు యర్లేనిస్. బుగ్గలో ఎప్పుడూ ఓ పిప్పరమెంటు బిళ్ళ.
నాకు యాభైమూడు.
మొదటిరోజు నా అరచేతుల్ని తిప్పి తిప్పి చూసి
"వీటితో ఇన్నాళ్ళూ ఏం చేశారు సెనోబియో?" అంది.

ఫెర్రీకి అతుకులేసేవాణ్ణి.
మాగ్దలీనా నది మీద లారీల్నీ ఆవుల్నీ పెళ్ళివారినీ
ఒకే ధరకి మోసిన ఇనప పళ్ళెం అది.
అడుగున చిల్లుపడ్డప్పుడల్లా
బురదలో వెల్లకిలా పడుకుని
మంటతో కుట్టేవాణ్ణి.
తర్వాత వంతెన వచ్చింది.
రిబ్బను కత్తిరించిన రోజు నేనూ చప్పట్లు కొట్టాను.
మర్నాటినుంచి నన్నెవరూ పిలవలేదు.

"అయితే నిప్పు తెలుసన్నమాట."
"తెలుసు," అన్నాను.
ఆ కొట్లో నేనాడిన మొదటి అబద్ధం.

వెండి కడ్డీని కమ్మచ్చులో పెట్టి లాగమంది.
పెద్ద కన్నం, పక్కన చిన్నది,
ఆ పక్కన అంతకంటే చిన్నది.
లాగడం నాకు కొత్తా!
లంగరు గొలుసులు లాగిన భుజాలివి.
ఏడో కన్నం దగ్గర పుటుక్కుమంది.
"గుంజకండి. అలిసిపోయింది.
కాస్త కాల్చి, మెత్తబడనిచ్చి, మళ్ళీ అడగండి."

లోహం అలుస్తుందని
ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ చెప్పలేదు నాకు.
ఇనుము మొరాయిస్తే
మేం సుత్తి మార్చేవాళ్ళం.

రెండు తీగల్ని పురిపెట్టడం,
పురిని అణచడం,
అణిచినదాన్ని పట్టకారు కొసతో
నత్తగుల్లలా చుట్టడం.
చుట్టింది చుట్టినట్టే ఎగిరి
ఎక్కడో బల్లకింద పడేది.
మోకాళ్ళమీద వెతుక్కునేవాణ్ణి,
కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని
కళ్ళద్దాల కోసం కూడా.

చివర్లో వెలిగారం, చిటికెడు టంకం పొడి,
ఊదుగొట్టం.
నేను ఊదాను.
ఫెర్రీ అడుగుని ఊదినట్టు ఊదాను.
నాలుగు రోజుల పని
కన్ను మూసి తెరిచేలోగా
గుండ్రంగా, మెరుస్తూ, ఎందుకూ పనికిరాని
ఒక్క బొట్టయింది.

యర్లేనిస్ దాన్ని పట్టకారుతో తీసి
సార్డీను చేపల డబ్బాలో పడేసింది.
టిక్.
సగానికి నిండిన డబ్బా.
"ఇవన్నీ ఎవరివి?"
"అడుగున ఉన్నవి నావి," అంది,
పిప్పరమెంటుని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారుస్తూ.

ఇంట్లో గ్లాసెడు నీళ్ళలో గొట్టం పెట్టి
బుడగలు ఆగకుండా ఊదే సాధన.
ముక్కుతో పీల్చాలి, బుగ్గలతో వదలాలి,
మధ్యలో తెగకూడదు.
ఒతీలియా వంటింట్లోంచి తొంగిచూసి
"నీళ్ళు ఉడికాయా, బియ్యం పోయనా?" అంటుంది.

పని ముగిశాక చేతులు బకెట్లోనే కడగాలి.
ఆ నీళ్ళు పారబొయ్యరు.
నేల ఊడ్చిన దుమ్ముని ఎత్తి దాస్తారు.
నా గోళ్ళ సందుల్లోంచి రాలిన రజను కూడా
ఆ కొట్టుకి లెక్కే.
నేనెక్కడా ఇంత జాగ్రత్తగా లెక్కకొచ్చిన గుర్తులేదు.

వానలు పట్టి, నది మెట్లెక్కి, దిగిపోయాక
ఒక కమ్మ అయింది.
బఠాణీ పువ్వంత.
నిమ్మరసంలో ఉడికించి తీస్తే
మసి దిగి, పాల నురగలా తెల్లబడింది.
గురువు దీపానికెత్తి చాలాసేపు చూసింది.
"ఇక్కడ వంకర," అంది. "ఇక్కడ కూడా."
డబ్బా మూత మాత్రం తియ్యలేదు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది.
ఒక్కటి చెయ్యడం ఒక ఎత్తు.
అచ్చం దానిలాంటిది ఇంకొకటి —
మూడుసార్లు చేశాను.
ఒకటి లావు, ఒకటి కోలగా,
ఒకటి టిక్.

ఒతీలియా ఆగలేదు.
ఆ ఒక్కదాన్నే కుడిచెవికి పెట్టుకుని
శనివారం చేపల బజారుకెళ్ళింది.
"అయ్యో, రెండోది పారేసుకున్నావా?" అని
కనిపించినవాళ్ళంతా జాలిపడితే
బేరం ఆపకుండానే చెప్పిందట:

"లేదమ్మా,
అది అవతలి గట్టునుంది.
మా ఆయన ఫెర్రీ వెయ్యాలి."