గోడ తినని మెతుకులు

గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు.
ఫూజియన్ కొండల్లో నేను బాగుచేసే గోడలకు
కడుపులుంటాయి.

జిగురుబియ్యం గంజి తాగినవి ఇవి,
బెల్లం చప్పరించినవి,
బుట్టలకొద్దీ గుడ్ల తెల్లసొన మింగినవి.
తలుపులకైతే పందినెత్తురు, సున్నం, తుంగ్ నూనె
కలిపి మూడు పూతలు.
ఇక్కడ ఇల్లు కట్టడమంటే
పెళ్ళివంట వండి
మట్టికి వడ్డించడం.

నా పేరు లియావ్ సుయిన్.
సంచిలో చిన్న సుత్తి, కుంచె,
వెనిగర్ సీసా, అయొడిన్ సీసా.
గోడ పొడిని గాజుపలక మీద పోసి
చుక్క వేస్తాను.
బియ్యముంటే ఎర్రబారుతుంది
ఎండు రేగుపండు రంగులోకి.
మూడువందల ఏళ్ళయినా సరే
ఏం తిన్నావని అడిగితే
మూతి దాచుకోలేని పిల్లలా.

ఈ గుండ్రటి ఇంటి చుట్టూ
నూట పన్నెండు చోట్ల గీకాను.
నూట పదకొండు ఎరుపు.
వాయవ్యంలో, పొగగూటి కింద,
జానెడు బీట పక్కన మాత్రం
చుక్క వేసిన రంగులోనే ఉండిపోయింది.
మళ్ళీ వేశాను. సీసా మార్చి వేశాను.
సున్నం ఉంది, ఇసుక ఉంది.
బియ్యం లేదు.

బాతుల్ని తోలుకుంటూ పోతున్న
వెన్ తియన్‌బావ్ ఆగి చూశాడు.
ఆయనకి పళ్ళు మూడే,
నవ్వితే మూడూ కనబడతాయి.
"కరువేడు నాకు పదేళ్ళు.
గోడలో బియ్యముందని పెద్దాళ్ళు అంటుంటే విని
అర్ధరాత్రి లేచి వచ్చి నాకాను."
"ఎక్కడ తాతా?"
"ఎవరూ చూడని చోట. ఇదిగో, ఇక్కడే."
మూడు పళ్ళూ కనబడ్డాయి.
"అందుకా రుచి లేదు!"

అప్పుడు నాకు వాసన తగిలింది.
మనిషి మునిగేంత ఇనుప బాణలి.
మేస్త్రీ కేక: ముందు సున్నం కొట్టండర్రా గంజిలో,
లేదంటే కూలోళ్ళు నాకేస్తారు.
గరిట తిప్పుతున్నది ఆడమనిషే అనుకుంటాను.
మేస్త్రీ తల తిప్పినంత సేపట్లో
సున్నపు బుట్టని కాలితో అవతలికి నెట్టి
చాచిన చిప్పల్లోకి వంచేసింది.
ఎన్ని చిప్పలో తెలియదు.
గోడ మాత్రం లెక్క రాసుకుంది:
ఒక జానెడు.

ఇదంతా నా ఊహ. నివేదికలో పనికిరాదు.
నివేదికలో, ఈ భాగంలో బియ్యం లోపించింది అని రాసి,
"లోపించింది" కొట్టేసి
"కనబడలేదు" అని దిద్దాను.
ఆ జానెడు వల్ల ఇల్లేమీ కూలలేదు.
రెండు భూకంపాలు, ఒక బందిపోటు ముట్టడి,
ఏటేటా తుఫాను వానలు.
అటూ ఇటూ ఉన్న రాళ్ళు
నీరసపడ్డ మనిషిని నడిపించినట్టు
దాన్ని రెక్కపట్టి నిలబెట్టాయి.

మర్నాడు మేమూ ఎసరు పెట్టాం.
ఆరు కిలోల జిగురుబియ్యం, రాత్రంతా నానినవి.
కొత్త కుర్రాడు చివ్ యోంగ్‌సెన్
సున్నం తొట్టె ఈడ్చుకొచ్చి
"కలిపేదా అక్కా?" అన్నాడు.

మా శాఖ నియమాల పుస్తకం, పద్నాలుగో పేజీ:
మొదట ఏం వాడారో అదే వాడవలెను,
పాళ్ళు మార్చరాదు.

"ఈ జానెడుకి సున్నం, ఇసుక. అంతే."
"మరింత గంజి?"
నేను జవాబిచ్చేలోపే
తియన్‌బావ్ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.
వెనకే రెండో అంతస్తు పిల్లలు, వాళ్ళ నాయనమ్మ,
ఎవరూ పిలవని బాతులు.
జేబులోంచి బెల్లంగడ్డ తీసి
నా సుత్తితోనే పగలగొట్టాడు ఆయన.
యోంగ్‌సెన్ రెండోసారి పోయించుకుంటూ
కాస్త ఉప్పుందా అని అడిగాడు.

బీట పూడ్చేసరికి పొద్దు వాలింది.
తాపీకి గంజి అంటుకుంటే
కడిగి, తుడిచి, మళ్ళీ పట్టుకున్నాను,
ఒక్క మెతుకు కూడా
గోడలోకి పోకూడదని.