కొలతల పుస్తకం

లాల్‌బజార్‌ల నా దుకాణం.
ఒక్క మిషిను, ఒక్క అద్దం, గోడ పొంటి బొత్తాల డబ్బాలు.
ముప్ఫై ఏండ్ల సంది ఖాకీ, పచ్చ, మచ్చల గుడ్డ
నా సూది కిందికెల్లే పోయినయ్.
ఏ కొండలకు పోతున్నయో అడగలే.
కుట్టుకూలి అడిగిన.

బైరి ఓంకార్‌ది నలభై రెండో పేజీ.
భుజం పద్దెనిమిది. ఛాతీ ముప్ఫై ఎనిమిది.
నడుము ముప్ఫై నాలుగు కొట్టేసి
ముప్ఫై రెండు రాసిన, మొన్న సెలవుల మీదొచ్చినప్పుడు.
"కొండలెక్కుడే పని మామా, పొట్ట యాడుంటది" అని నవ్విండు.
రెండు ప్యాంట్లకు గుడ్డ ఇచ్చి
ఒకటే తీసుకపోయిండు.
రెండోది మళ్లొచ్చినంక అన్నడు.
నూటయాభై బాకీ.

మంగళారం పొద్దుమీకి, ఎదురుంగ ఇరానీ హోటల్ల టీవీ.
రోడ్డు మలుపు, పక్కకు ఒరిగిన ట్రక్కు,
వాన నీళ్లల్ల ఒక బూటు.
మాటేసిన్రట. ముందు బండిని పోనిచ్చి
రెండోదాన్ని పేల్చిన్రట. ఏడుగురు.
ఊరి పేరు ఒకడు ఒక తీరు చదివిండు,
ఇంకోడు ఇంకో తీరు,
కింద ఉరికే అచ్చరాలల్ల మూడో తీరు.
నా బిస్కెట్టు నాని, జారి, ఛాయ్‌ల మునిగింది.
ముఖం యాదికి రాలే ముందు.
నడుము ముప్ఫై రెండు యాదికొచ్చింది.

బొల్లారం పోయిన. పెట్టె మూసే ఉంది.
పొడుగు చూసిన. ఏం జేత్తం, అలవాటు.
వానికి లూజు.

మా పక్క పార్లర్‌ల పనిచేసే పిల్ల
మూడొద్దులు షట్టరు సగం దించుకోనే ఉంది.
"మీవోళ్లే గదా" అని ఎవడో అన్నడంట, పాలప్యాకెట్ కాడ.
నాలుగోనాడు కుర్త తెచ్చింది, చేతులు పొట్టిజెయ్యమని.
హ్యాంగరుకున్న ప్యాంటు, దానికి గుచ్చిన చీటీ చూసింది.
నేను ఆ ఊరి పేరు అన్న, టీవీల ఇన్నట్టు.
తల అడ్డంగ ఊపింది.
సగం ముక్కుల నుంచి, సగం గొంతుల నుంచి
మెల్లగ తనే అన్నది.
జింకలు నీళ్లు తాగే జాగ అని అర్థమట.
వాళ్లమ్మ ఊరు అక్కడికి రెండు గుట్టల అవతల.
మేనమామ కొడుకు ఎండకాలంల ఇంట్లకెల్లి పోయిండు,
ఎటు పోయిండో చెప్పలే.
ఇల్లు కాలిన సంగతి మాత్రం
కుర్త అంచు మడిచినంత మామూలుగ చెప్పింది.

కోపం రాలేదంటే అబద్ధం.
కత్తెర టేబుల్ మీద గట్టిగనే పెట్టిన.
ఉలిక్కిపడ్డది.
గా ఉలికిపాటు చూసి నాకు సిగ్గైంది.

పుస్తకం తెరిచిన. నలభై మూడో పేజీ.
"పేరు?"
"పింకీ."
"అది ఓనరమ్మ పెట్టింది. నీది చెప్పు."
చెప్పింది. నా నోరు తిరగలే.
మళ్ల చెప్పింది.
మూడోసారికి పెన్సిల్ తడి జేసి ఒక్కొక్క అచ్చరం రాసిన:
నెంగ్‌నెయ్‌హోయ్.
భుజం పద్నాలుగు. చెయ్యి పంతొమ్మిది.
టేపు అదే.

నూటయాభై కొట్టెయ్యలే.
ప్యాంటు ఆడనే ఉంది.
ఫ్యాను తిరిగినప్పుడల్ల
కాళ్లు కొంచెం కదుల్తయ్.