తొమ్మిదో గడి

పర్లాకిమిడి, బజారు మలుపు,
జిరాక్సు కొట్టు వెనకాల అర గది.
ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా
పాఢి బాబు నా కారు తాళాలే బరువు పెట్టాడు.

ఇంజను నంబరయింది, ఛాసిస్ నంబరయింది.
రంగు తెలుపన్నాను.
ఇప్పటికీ తెలుపేనా, అని నవ్వాడు.
తొమ్మిదో గడి దగ్గర మాత్రం
నన్నడక్కుండానే రాసేశాడు: నిల్.

ఏటది బాబూ?

"మూడేళ్లలో లైసెన్సు మీద పడ్డ
జరిమానాలు, మచ్చలు, సస్పెన్షన్లు.
నాహిఁ అని రాశాను. మీ తెలుగులో, లేవు.
పదహారొందలు ఎక్కువెందుకు కడతావయ్యా?
కంపెనీవాడు కటకం నుంచొచ్చి చూస్తాడా?"

లేవు.
ఆ మాటతో మా తెలుగులో ఒక చిక్కుంది బాబూ.
తప్పులు లేవన్నా లేవే,
నువ్వు లేవన్నా లేవే.

మొదటిది పాతపట్నం దాటాక, ఆంధ్రా కెమెరా.
చెవి దగ్గర ఫోను.
చేపలు కడిగేయమంటావా, ఉంచమంటావా అని దమయంతి.
చలానా ఫొటోలో నా నోరు తెరిచే ఉంది,
"కడిగీ" అన్న మాట
సగంలో వెయ్యి రూపాయలకి ఆగిపోయి.

రెండోది టెక్కలి రోడ్డు మీద, తొంభై ఎనిమిది.
వెనక సీట్లో పురిటినొప్పులు లేవు,
రక్తం సీసా లేదు, చావుకబురూ లేదు.
వాన వెలిసిన రోడ్డు, ఖాళీ బండి.
కాలు తనంతట తనే దిగింది, అంతే.
ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ
ఆస్పత్రికని చెప్పాను.

మూడోది ఇక్కడే, మనవాళ్లే పట్టారు, గుమ్మా దారిలో.
మలుపులో బస్సుని దాటాను.
ఎదురొచ్చిన సైకిలు కుర్రాడు తుప్పల్లోకి దూకాడు,
లేచాడు, మోకాలు దులుపుకున్నాడు,
తిట్టలేదు. చూశాడు.
చలానా బస్సుని దాటినందుకే.
ఆ చూపుకి రసీదు ఇవ్వలేదు ఎవరూ.

మూడు నెలలు లైసెన్సు వాళ్ల బీరువాలో.
బావమరిది ఎర్రన్న తోలాడు,
పద్దెనిమిదేళ్లుగా నేను తోలిన దారిలో
నేను ఎడం సీట్లో, సంచీలా.

అప్పుడు చూశాను బాబూ,
మహేంద్రగిరి మలుపు మలుపుకీ భుజం మార్చుకోవడం.
కాశీనగరం సంతకి పోయే సవర ఆడవాళ్లు
హారను మోగకముందే
తలమీది మోపుతో సహా పక్కకి తిరగడం.
ఇన్నేళ్లూ నా కోసం తిరిగిన ఆ మెడలని
ఏ గడిలో వెయ్యమంటావు?
ఎర్రన్న బ్రేకు వెయ్యాల్సిన చోటల్లా
నా కాలు రబ్బరు చాపని తొక్కేది.
ఒట్టి చాప. అయినా తొక్కేది.

నిల్ అంటే ఆ చాపా నిల్,
ఆ కుర్రాడూ నిల్.

పాఢి బాబు కళ్లజోడు తీశాడు.
తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.
"బోణీ బేరం నువ్వే దొరికావు" అన్నాడు ఒడియాలో,
నాకు ఒడియా రానట్టు.

గీత కొట్టాడు. పక్కన మూడు తేదీలు రాశాడు.
క్యాలుక్యులేటరు మీద వేలు రెండుసార్లు పొరబడింది,
మూడోసారి పదహారొందల నలభై.
దమయంతికేం చెప్పాలో దారిలో చూసుకోవాలి.
చేపలకి నాలుగు ఆదివారాలు సెలవు.

"దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం కావాలి."
నాకు పొట్టిదీ పొడుగుదీ లేవు, ఉన్నది ఒకటే.
నాలుగు పేజీల ఇంగ్లీషులో
కొట్టేసిన నిల్ పక్కన,
గడి చాలక గీత దాటి,
బైరాగి.

తాళాలు తీసుకున్నాను.
కాగితం లేచింది.
పాఢి బాబు అరచేత్తో నొక్కి పట్టుకుని
"ఆగు, సిరా ఆరనీ" అన్నాడు.